బైక్ డిస్క్ బ్రేకులో గాలి చేరిందా? ఇంట్లోనే తీసే పద్ధతి

బ్రేకు లివర్ నొక్కితే గట్టిగా తగలకుండా స్పాంజిలా మెత్తగా లోపలికి పోతోందా? రెండు మూడు సార్లు కొడితే గానీ బ్రేకు పడటం లేదా? అయితే బ్రేకు పైపులో గాలి చేరి ఉండొచ్చు. అనంతపురం, గుత్తి, కదిరి, హిందూపురం వైపు మన ఇళ్లలో చాలామందికి బైకే కుటుంబ వాహనం. ముందు బిడ్డ, వెనక భార్య, పక్కన సంచి. ఆ బరువుతో 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ బాబయ్య దర్గాకు పోయేటప్పుడు ముందు లారీ ఆగిందనుకోండి. లివర్ రెండోసారి కొట్టే టైం ఉండదు.

గాలి ఉంటే ఏమవుతుంది?

డిస్క్ బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. లివర్ నొక్కితే హ్యాండిల్ దగ్గరున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను తోస్తుంది. ఆ ఒత్తిడి పైపు గుండా చక్రం దగ్గరున్న కాలిపర్‌కు చేరి, ప్యాడ్లు డిస్క్‌ను పట్టుకుంటాయి. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. అందుకే లోపల బుడగలుంటే మన చేతి బలం వాటిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. డ్రమ్ బ్రేకు రాడ్‌తోనో కేబుల్‌తోనో నడుస్తుంది కాబట్టి దానికి ఈ పని ఉండదు.

గాలి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ముందుగా చూసుకోవాలి. డబ్బాలో ఆయిల్ మరీ తగ్గడం, పైపు లేదా కాలిపర్ విప్పి బిగించడం, ఎక్కడో లీకు ఉండటం సాధారణ కారణాలు. ప్యాడ్లు అరిగినా డబ్బాలో మట్టం దిగుతుంది. ప్యాడ్లు బాగుండి కూడా ఆయిల్ తగ్గుతోందంటే లీకు ఉన్నట్టే. పైపు జాయింట్లు, లివర్ మొదలు, కాలిపర్ అంచు వేలితో తడిమి చూడండి. తడి తగిలితే గాలి తీసి లాభం లేదు, ముందు లీకు బాగుచేయించాలి.

పాత ఆయిల్‌తో ఇంకో చిక్కు ఉంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. మనది కరువు సీమ, గాలి పొడిగానే ఉంటుంది కదా అనుకోవద్దు, ఏళ్లు గడిస్తే ఇక్కడా పీలుస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. కొండ దిగుతూ బ్రేకు నొక్కే ఉంచితే పాత ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ ఒక్కసారిగా ఖాళీగా పోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి. టీ డికాషన్ రంగుకు వచ్చిందంటే మార్చే టైం దాటిందనుకోండి.

కావలసినవి

సీలు తీయని బ్రేకు ఆయిల్ సీసా (డాట్ 3 లేదా డాట్ 4, డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే), నిపుల్‌కు సరిపోయే రింగ్ స్పానర్ (చాలా బండ్లకు 8 నంబరు), నిపుల్‌కు బిగుతుగా పట్టే సన్నటి పారదర్శక ట్యూబు, ఖాళీ సీసా, స్టార్ స్క్రూడ్రైవర్, పాత గుడ్డలు, బకెట్ నీళ్లు. ఇంజన్ ఆయిల్, కొబ్బరి నూనె ఒక్క చుక్క కూడా పోయొద్దు, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ముందు బ్రేకుకు పని క్రమం

1. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఆయిల్ డబ్బా సమంగా ఉండేలా హ్యాండిల్ తిప్పండి. ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది, చుక్క పడితే వెంటనే నీళ్లు పోయాలి.

2. మూత విప్పకముందే చుట్టూ ఉన్న దుమ్ము తుడవండి. మన ఊళ్లలో ఎర్రమట్టి అక్కడే పేరుకుంటుంది. అది లోపల పడితే సీళ్లు గీసుకుపోతాయి.

3. మూత తీసి పై గీత దాకా కొత్త ఆయిల్ పోయండి.

4. నిపుల్‌కు ముందు స్పానర్ తొడిగి, తర్వాత ట్యూబు పెట్టండి. ట్యూబు రెండో కొన సీసాలో కొంచెం ఆయిల్‌లో మునిగి ఉండాలి.

5. ఇంట్లో ఒకరిని లివర్ దగ్గర కూర్చోబెట్టండి. మెల్లగా మూడు నాలుగు సార్లు నొక్కి, చివరిసారి నొక్కి పట్టుకోమనండి.

6. మీరు నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్, బుడగలు బయటికొస్తాయి, లివర్ హ్యాండిల్ దాకా దిగుతుంది. నిపుల్ మూసేదాకా లివర్ వదలకూడదు. ముందే వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికి పోతుంది.

7. ట్యూబులో బుడగలు ఆగి, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా 5, 6 మెట్లు మళ్లీ మళ్లీ చేయండి. నాలుగైదు సార్లకోసారి డబ్బా చూసి ఆయిల్ పోయండి. కింది గీత దాటి ఖాళీ అయితే పని మొదటికొస్తుంది.

8. నిపుల్ బిగించండి. అది లోపల బోలుగా ఉంటుంది, బలం చూపిస్తే విరుగుతుంది. మూత పెట్టి, డిస్క్, ప్యాడ్ల మీద ఆయిల్ పడలేదని చూసుకోండి.

ఇంకా కాస్త మెత్తగా ఉంటే లివర్‌ను గ్రిప్‌కు కట్టి రాత్రంతా వదిలేయండి. సన్న బుడగలు పైకెక్కి డబ్బాలోకి పోతాయి. మిగిలిన ఆయిల్‌ను వచ్చే ఏడాదికి దాచొద్దు, తెరిచిన సీసా కూడా తేమ పీలుస్తుంది. తీసిన పాత ఆయిల్ పిల్లలకు అందకుండా పెట్టండి, అది విషం. మురుగు కాలువలో పోయకుండా మెకానిక్ షాపులో ఇవ్వండి.

ఎప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాలి?

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. మామూలుగా వాటికీ గాలి ఇలాగే తీస్తారు. కానీ ఏబీఎస్ యూనిట్ లోపలికే గాలి పోతే సర్వీస్ సెంటర్‌లోని యంత్రం కావాలి. 125 సీసీ, ఆ లోపు బండ్లలో చాలావాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే పద్ధతి ఉంటుంది. కొన్నింటిలో అది కేబుల్‌తో, కొన్నింటిలో ఆయిల్‌తో నడుస్తుంది కాబట్టి బండి పుస్తకం చూడండి. నిపుల్ తుప్పు పట్టి కదలకపోయినా, పైపు పగుళ్లిచ్చినా, రెండుసార్లు తీసినా లివర్ గట్టిపడకపోయినా ఆ బండి ఎక్కొద్దు, మెకానిక్ భాయ్‌ని ఇంటికే పిలవండి.

చివరి పరీక్ష ఇంటి ముందే చేయండి. లివర్ గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి, మెల్లగా దిగిపోకూడదు. తర్వాత బండిని తోస్తూ బ్రేకు వేయండి, ఆపైన ఒక్కరే ఎక్కి మెల్లగా వీధి చివరి దాకా పోయి రండి. ముందు ఒంటెను కట్టు, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వెయ్యి అని ప్రవక్త (స) నేర్పిన మాట మనందరికీ తెలిసిందే. భార్యాబిడ్డల్ని ఆ తర్వాతే ఎక్కించుకోండి.