జీపు పెరిగిన ఊళ్ళో మంచు

మాది రేపల్లె దగ్గర ఒక పల్లెటూరు. నా చిన్నతనంలో మా ఊరికి జీపు వచ్చిందంటే తాసిల్దారు గారైనా వచ్చి ఉండాలి, ఎన్నికలైనా వచ్చి ఉండాలి. ఆ దుమ్ములో జీపు వెనక పరుగెత్తిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. మహీంద్రా వారు 1940ల చివరి నుంచి బొంబాయిలో బిగించి అమ్మిన విల్లీస్ జీపులవి. ఆ విల్లీస్ కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో ఉందని గానీ, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1977 జులైలో నేను రెసిడెన్సీకి దిగబోయేది ఆ ఊళ్ళోనేనని గానీ అప్పుడు నాకేం తెలుసు!

ఆ నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మావాళ్ళు క్షేమమని ఉత్తరం అందేదాకా నాకు నిద్ర లేదు. గాలంటే ఏమిటో మా సముద్రానికే తెలుసనుకున్నాను. రెండు నెలలు దాటాక, 1978 జనవరి 26 తెల్లవారుజామున, ఒహాయో మీద విరుచుకుపడిన మంచు తుఫాను ఆ అభిప్రాయం మార్చేసింది. రాత్రి వానగా మొదలైంది. తెల్లారేసరికి కిటికీ అవతల తెలుపు తప్ప మరేమీ లేదు. క్లీవ్‌లాండులో బారోమీటరు 28.28 అంగుళాలకు పడిపోయింది. ఒహాయో టర్న్‌పైకును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మూసేశారు. ఆ రోడ్డు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి.

నేను పొద్దున్న ఏడింటికి డ్యూటీలో ఉండాలి. నా పాత కారు కనిపించడమే లేదు, ఎక్కడుందో ఊహించుకోవలసిందే. ఐ.సి.యు.లో నా తోటి రెసిడెంటు ముందు రోజు పొద్దుటి నుంచీ ఒక్కడే ఉన్నాడు. ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళున్నవాళ్ళు డాక్టర్లనీ నర్సులనీ ఆసుపత్రులకు చేర్చమని రేడియోలో పదే పదే చెబుతున్నారు. మధ్యాహ్నం దాటాక ఎవరో తలుపు కొట్టారు. పక్క వీధి ముసలాయన. జీపు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. "పదండి డాక్, మీరు మూడోవారు" అన్నాడు.

ఆ ప్రయాణం నాలుగు మైళ్ళు, రెండు గంటలు. ఆయన సి.జె.-5 జీపు చక్రాలకు గొలుసులున్నాయి. బయల్దేరే ముందు దిగి, ముందు చక్రాల మధ్యనున్న హబ్బులను చేత్తో తిప్పి బిగించాడు. పొడి రోడ్డు మీద ఇలా బిగించకూడదట. మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరం ఒకటి కాదు కాబట్టి గేర్లు పట్టేస్తాయి. మంచులో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఒక ఓవర్‌పాస్ దగ్గర ఆయన నడకకంటే నెమ్మదిగా పోతుంటే నాకు ఓపిక చచ్చి, "ఇది జీపు కదా, కాస్త తొందరగా పోనివ్వచ్చుగా?" అన్నాను. ఆయన నా వంక చూడకుండానే, "నాలుగు చక్రాలూ కదలడానికి పనికొస్తాయి డాక్. ఆగడానికి ప్రతి బండికీ ఉన్నవి నాలుగు బ్రేకులే" అన్నాడు.

ఆసుపత్రిలో దిగాక మూడు రోజులు ఇల్లు చూడలేదు. కానీ ఆ శీతాకాలమంతా ఆయన గరాజులో కూర్చుని విన్న కబుర్లు, తర్వాత లైబ్రరీలో వెతికి చదివినవి కలిపితే ఒక పెద్ద కథ అయింది.

జీపు టొలీడోలో పుట్టిందంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. "ఇక్కడ పెరిగింది" అనేవాడు. మొదటి నమూనా పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊరి బాంటమ్ కంపెనీది. 1940 సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించారు. యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కలిసి చేసినవి ఆరు లక్షలు దాటాయి. 1945లో రైతుల కోసమని సి.జె.-2ఎ టొలీడో నుంచే వచ్చింది. అంతకుముందే విస్కాన్సిన్‌లోని క్లింటన్‌విల్‌లో ఆటో జాకో, విలియం బెసర్‌డిచ్ అనే ఇద్దరు నాలుగు చక్రాల బండి చేసి 1909లో కంపెనీ పెట్టారు. వాళ్ళ ట్రక్కులు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు బురదలో తిరిగాయి. యుద్ధం అయ్యాక మిగిలినవాటిని రాష్ట్రాల రోడ్ల శాఖలకు ఇచ్చేస్తే, ముందు నాగలి కట్టుకుని మంచు తోశాయి.

నాకు మటుకు ఇంతకన్నా నచ్చేవి చిన్న వస్తువుల కథలు. టైరు గొలుసులకు 1904లో పేటెంటు తీసుకున్నది న్యూయార్కు రాష్ట్రపు హ్యారీ వీడ్. రాత్రంతా ఇంజనును వెచ్చగా ఉంచే హీటరుకు 1949లో పేటెంటు పొందింది నార్త్ డకోటా ఇంజనీరు ఆండ్రూ ఫ్రీమన్. చలిలో బండి కదలాలంటే ముందు స్టార్టవాలి కదా! జపానులో కొండల్లోని కరెంటు లైన్లు చూసుకునేవాళ్ళకు మంచులో వెళ్ళే వ్యాను కావాలని ఒక విద్యుత్ సంస్థ అడగబట్టే సుబారు కంపెనీ ఆ దారి పట్టి, 1972లో ఫోర్ వీల్ డ్రైవ్ లియోన్ తెచ్చింది.

1979 శరత్కాలంలో అమెరికన్ మోటార్స్ వారు ఈగిల్ విడుదల చేశారు. చూడ్డానికి మామూలు కారే, నాలుగు చక్రాలూ ఎప్పుడూ తిరుగుతాయి. దిగనక్కర్లేదు, హబ్బు తిప్పనక్కర్లేదు. డాక్టరు జీతం రాగానే ఒకటి కొన్నాను. రెండు శీతాకాలాలు రాజాలా తిరిగాను. గొలుసుల సంగతి, టైర్ల సంగతి మర్చిపోయాను. 1981 డిసెంబరులో ఒక రాత్రి భోజనాల నుంచి వస్తూ, వెనక సీట్లో మూడు నెలల పాపతో, మామీ నది వంతెన మీదకు యాభై మైళ్ళ వేగంతో ఎక్కాను. రోడ్డంతా తడిగా ఉంది. వంతెనకు కింది నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అది ముందు గడ్డకడుతుంది. బ్రేకు తొక్కాను. కారు నిదానంగా, మర్యాదగా ఒక చుట్టు తిరిగి రెయిలింగుకు వీపు ఆనించి నిలబడింది. ఎదురుగా వస్తున్న ట్రక్కు లైట్లు మా మొహాల మీద పడి, పక్కకు తప్పుకున్నాయి. పాప లేవలేదు. చాలాసేపటికి మా ఆవిడ, "ఏమండీ, నాలుగు చక్రాలూ కలిసే జారాయి" అంది. ఇంటికి చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

మంచులో దిగి చేతులు కొంకర్లు పోతుండగా హబ్బు తిప్పే మనిషికి రోడ్డు ఎలా ఉందో కాళ్ళకే తెలుస్తుంది. నాకు హీటరు వెచ్చదనం తప్ప ఏమీ తెలియలేదు. సౌకర్యం పెరిగిన కొద్దీ ఆ కబురు మనదాకా రావడం మానేసింది.

ఇప్పుడు టెక్సాస్ నుంచో కాలిఫోర్నియా నుంచో ఉద్యోగం మారి మిషిగన్ వచ్చిన కుర్రాళ్ళు, "అంకుల్, మాది ఆల్ వీల్ డ్రైవ్" అని ధీమాగా చెబుతారు. టైర్లేమిటని అడుగుతాను. టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉంటే చలికాలం టైరు. 1999 నుంచీ ఉంది ఆ గుర్తు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒక పౌండు పీడనం తగ్గుతుంది. సున్నా దగ్గర బ్యాటరీ సత్తా సగమైనా మిగలదు. ట్యాంకు సగానికి తగ్గనివ్వద్దు. డిక్కీలో పార, ఇసుక, దుప్పటి. మంచులో ఇరుక్కుని ఇంజను ఆన్‌లో పెట్టుకుంటే ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వాలి. లేకపోతే విషవాయువు లోపలికొస్తుంది. ఆ కేసులు నేను చూశాను.

టొలీడోలో ఆ పాత జీపు ఫ్యాక్టరీలో పని 2006లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ 'ఓవర్‌లాండ్' అని నిలువుగా ఇటుకల్లో రాసి ఉన్న ఒక పొగ గొట్టం మిగిలింది. ముసలాయన అంతకు చాలా ముందే ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు తన గొలుసులు తెచ్చి మా గరాజులో మేకుకు తగిలించాడు. నా బండి దేనికీ అవి సరిపోలేదు. ఏటా నవంబరులో దించి, తుప్పు తుడిచి, నూనె రాసి మళ్ళీ తగిలిస్తాను.