వెదురుగది

విశాలభవనములు గలవారే యతిథిపూజ సేయఁగలరని తలఁచువారు బర్మాలోని టవోయి కరెనుల చరిత్రమును జదువవలెను. 1831వ సంవత్సరారంభమున అమెరికా మిషనరీయగు జార్జి బోర్డుమను, క్షయరోగముచే మరణాసన్నుఁడై యుండియు, భార్య సారాతోఁ గొండలలోని కరెను విశ్వాసులను జూడఁబోయెను. ఆ పేదలే యతనిని మంచముతో మోసికొనిపోయిరి. మూఁడవనాఁటికి, ఏటియొడ్డున వారు కట్టిన వెదురుమందిరము చేరిరి. అందు అతిథుల కిచ్చిన గది వెడల్పు 5 అడుగులు, పొడవు 10 అడుగులు. సారా నిలువుటకైనను ఎత్తు చాలదు. ఎండయు మంచును లోపలికి వచ్చుచుండెను. ఇది యాతిథ్యమా యని యెవరైన నందురేమో! దాదాపు నూర్గురు కరెనులు ఆరుబయటనే వండుకొని తిని, పలువు రచ్చటనే నిద్రించిరి. 34 మంది బాప్తిస్మము పొందిరి. తిరుగుదారిని గాలివాన పట్టెను. ఒక టవోయి గృహస్థుఁడు, పరమతగురువని యెఱిఁగియే కాఁబోలు, రోగికి వసారాలో మాత్రమే చోటిచ్చెను. మఱునాఁడు, ఫిబ్రవరి 11వ తేదిని, బోర్డుమను పడవలో మరణించెను.