చూపుకు ఒకటి, చెవికి రెండు

నెల్లూరులో కొన్నాళ్లు సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ కావర్‌హిల్ జెర్డన్‌కు రోగుల కంటే పిట్టల మీదే ధ్యాస ఎక్కువేమో అనిపిస్తుంది. కుంపిణీ కొలువుకని మద్రాసు వచ్చిన ఈ డాక్టరు 1843-47 మధ్య అక్కడే ఓ బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఉన్నవి 50 పక్షి చిత్రాలు. వాటిలో చాలావాటి వెనుక మన చిత్రకారుల చెయ్యి ఉంది. ఆ పుస్తకంలోనే 1845లో, నెల్లూరుకు ఎగువన తూర్పు కనుమల అంచున దొరికిన ఓ కప్పపిట్టను కొత్త జాతిగా లోకానికి పరిచయం చేశాడు. నేటి జెర్డన్ నైట్‌జార్ అదే.

అయితే అప్పటికి పాతికేళ్ల ముందే, 1821లో, ప్రకృతి శాస్త్రజ్ఞుడు హార్స్‌ఫీల్డ్ జావా నుంచి పొడుగుతోక నైట్‌జార్‌ను వర్ణించి ఉన్నాడు. మ్యూజియం సొరుగుల్లో రెండింటి తోళ్లూ పక్కపక్కన చేరాక, తర్వాతి తరం పండితులు తేడా పెద్దగా లేదని తేల్చేశారు. నెల్లూరు పిట్ట జావా పిట్టలో ఉపజాతిగా కలిసిపోయింది. సలీం అలీ, డిల్లన్ రిప్లీ రాసిన భారత పక్షుల హ్యాండ్‌బుక్కులోనూ దాని స్థానం అంతే.

వాళ్లను తప్పుపట్టలేం. పగలు ఎండుటాకుల్లో పడుకున్న నైట్‌జార్‌ను అడుగు దూరం నుంచి చూసినా ఆకేదో, ఈకేదో తెలియదు. గూడు కట్టదు, వట్టి నేల మీద రెండు గుడ్లు పెట్టి, తన ఈకల రంగును నమ్ముకుని కదలకుండా కూర్చుంటుంది. జెర్డన్ పిట్ట కాస్త చిన్నది, 28 సెంటీమీటర్లలోపే. మెడ వెనుక ఇటుకరంగు పట్టీ ఉంటుంది. రెండోది కాస్త పెద్దది, తోకా పొడుగే. మగపిట్టల రెక్కల మీద తెల్లమచ్చలు రెండింటికీ ఉంటాయి. ఈ కాస్త తేడాతో జాతిని విడదీయమంటే ఎవరైనా తటపటాయిస్తారు.

చీకటి పడి నోరు విప్పితే మాత్రం ఇంకే అనుమానమూ ఉండదు. పొడుగుతోకది దూరంగా ఎవరో గొడ్డలితో మాను కొడుతున్నట్టు ‘చౌంక్, చౌంక్’మని ఒక్కొక్క దెబ్బ. జెర్డన్‌ది ‘చ్‌వో-వో, చ్‌వో-వో’ అని వణుకుతూ సాగే కూత. మధ్యమధ్య కప్ప బెకబెక. నైట్‌జార్ ఈ కూతతోనే హద్దు చాటుతుంది, జోడును పిలుస్తుంది. మనం ఈకలు లెక్కబెడుతుంటే అవి చెవులతోనే తమవాళ్లెవరో తేల్చుకుంటున్నాయన్నమాట.

1987లో, ఈ రెండూ ఒకేచోట కలగలవకుండా బతుకుతున్నాయనడానికి బ్రూస్ బీలర్‌తో కలిసి కొత్త ఆధారాలు ప్రచురించింది ఎవరో కాదు, ఆ హ్యాండ్‌బుక్కు రాసిన రిప్లీయే! ఇలా పాతమాట దిద్దుకున్న పండితులంటే నాకు గౌరవం ఎక్కువ. 2004లో పరిశోధకులు సాంగ్‌స్టర్, రోజెండాల్ ఈ గుంపు మొత్తం కూతలను పోల్చి, జెర్డన్ పిట్ట విడి జాతేనని సమర్థించారు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్, సుంబా దీవుల పిట్టకూ కొత్త జాతిగా పేరు పెట్టారు.

ఇప్పుడు జెర్డన్ నైట్‌జార్ ఇల్లు దక్షిణ భారతం, శ్రీలంక. మన కొండ అడవుల అంచుల్లో దాని కోసం చెవి ఒగ్గేవాళ్లు ముందు మామూలు ఇండియన్ నైట్‌జార్ కూత నేర్చుకోవడం మేలు. బయళ్లలో ఎక్కువగా వినిపించేది అదే.