చాండ్లర్ భవనాల్లో గాలి: వరండాల నుంచి క్లీన్‌రూముల దాకా

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌కు ఆగ్నేయంగా ఉన్న చాండ్లర్ ఎడారి నేల మీద కాలువ నీటితో లేచిన ఊరు. అక్కడి హోటళ్ళు, దుకాణాలు, ఆఫీసులు, ఫ్యాక్టరీల లోపలి గాలి చరిత్రలో రెండు విషయాలను వేరుగా చూడాలి. గాలి చల్లగా ఉండటం ఒకటి, తాజాగా ఉండటం ఇంకొకటి. మొదట్లో ఈ రెండూ కలిసే ఉండేవి. ఏసీ వచ్చాక విడిపోయాయి. చల్లదనం మిగిలింది, తాజాదనం జారిపోయింది. దాన్ని మళ్ళీ లోపలికి రప్పించడానికి లెక్కలు, నిబంధనలు, యంత్రాలు కావలసివచ్చాయి.

ఇదంతా అక్కడి వాతావరణం తెచ్చిన చిక్కు. జూన్‌లో పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. ఆ నెలలో గాలిలో తేమ నామమాత్రం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు అధికారికంగా వర్షరుతువు. అప్పుడు తేమ పెరుగుతుంది, హబూబ్ అనే దుమ్ము తుఫాన్లు గోడలాగా లేచి వస్తాయి. 2011 జులై 5న ఫీనిక్స్ ప్రాంతమంతటినీ అలాంటిదొకటి కమ్మేసింది. ఆ నేలలో కాక్సిడియోయిడిస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలు దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరితే వచ్చే జబ్బే వ్యాలీ ఫీవర్. అమెరికాలో నమోదయ్యే వ్యాలీ ఫీవర్ కేసుల్లో సుమారు మూడింట రెండు వంతులు అరిజోనావే. కిటికీ తెరిస్తే చాలు మంచి గాలి వస్తుందనే మాట ఈ ఊళ్ళో అన్ని వేళలా చెల్లదు.

ఊరికి పేరిచ్చిన డాక్టర్ అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ పశువైద్యుడు. కెనడాలో పుట్టి, 1887లో అరిజోనాకు ప్రభుత్వ పశువైద్యుడిగా వచ్చాడు. తర్వాత కాలువల వ్యాపారంలోకి దిగి వేల ఎకరాలు కూడబెట్టాడు. 1912 మే 17న ఊరి స్థలాలను అమ్మకానికి పెట్టాడు. మరుసటి ఏడాది నవంబరులో శాన్ మార్కోస్ హోటల్ తెరుచుకుంది. లాస్ ఏంజెలెస్ వాస్తుశిల్పి ఆర్థర్ బెంటన్ దాన్ని కాంక్రీటుతో, పాత స్పానిష్ మిషన్ల పద్ధతిలో కట్టాడు. మందమైన గోడలు, పొడవైన వరండాలు, తీగలు పాకించే పందిళ్ళు దానికి అందమే కాదు, యంత్రాలు లేని రోజుల్లో చల్లబరిచే సాధనాలు కూడా. ఊరి నడుమ ఉన్న పార్కు చుట్టూ దుకాణాల ముందు స్తంభాల వరండాలు వచ్చాయి. దుకాణం గోడకు ఎండ తగలదు, నడిచే కొనుగోలుదారుకు నీడ దొరుకుతుంది, తలుపులు తెరిచే ఉంటాయి. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచీ ఆ నేల మీద ఉంటున్న ఓ'ఓధమ్ జనం పందిరి కింద బతికిన పద్ధతి కూడా ఇలాంటిదే.

అయితే ఈ ఏర్పాట్లన్నీ చలికాలానికి సరిపోయేవే. శాన్ మార్కోస్ ప్రధానంగా చలికాలపు విడిది. తూర్పు రాష్ట్రాల ధనవంతులు మంచును తప్పించుకోవడానికి వచ్చి, ఎండలు ముదరగానే వెళ్ళిపోయేవారు. వెళ్ళే వీలులేని స్థానికులు ఆరుబయట వరండాల్లో తడి దుప్పట్లు కప్పుకుని పడుకునేవారు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ వంటి వాస్తుశిల్పికీ ఈ ఎండ మినహాయింపు ఇవ్వలేదు. డాక్టర్ చాండ్లర్ తలపెట్టిన రెండో విడిది, శాన్ మార్కోస్ ఇన్ ది డెజర్ట్ నమూనాల కోసం రైట్ 1929 ఆరంభంలో దగ్గర్లోనే ఒకాటిల్లా అనే శిబిరం వేశాడు. చెక్క గోడలు, గాజుకు బదులు గుడ్డ తలుపులు, కాన్వాసు కప్పు. వెలుతురూ గాలీ ఎక్కడి నుంచైనా వచ్చేవి. ఎండలు మొదలయ్యేసరికి బృందం శిబిరం విడిచి వెళ్ళిపోయింది. ఆ ఏడాది చివర షేర్ మార్కెట్ కుప్పకూలడంతో హోటల్ ఆలోచన కాగితాల మీదే నిలిచిపోయింది.

వేసవిలో ఆ ప్రాంతంలో వ్యాపారం సాగడానికి మొదటి సాయం చేసింది నీటి కూలరు. 1930ల్లో దక్షిణ అరిజోనా అంతటా వడ్రంగులు, రేకు పనివారు దాన్ని చేతులతోనే తయారుచేశారు. కోళ్ళ జాలీల నడుమ చెక్క పీచు కూరి, పైనుంచి నీళ్ళు కారనిచ్చి, వెనక ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టేవారు. అరిజోనా విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ ఆచార్యుడు మార్టిన్ థార్న్‌బర్గ్ ఆ దశాబ్దం చివర ఆ పెట్టె కొలతలను శాస్త్రీయంగా సరిచేసి, జనం సొంతంగా చేసుకునేలా ప్రచారం చేశాడు. ఫీనిక్స్ త్వరలోనే కూలర్ల తయారీకి కేంద్రమైంది. తెలుగు ఇళ్ళలో వేసవిలో వట్టివేళ్ళ తడికలకు నీళ్ళు చల్లడంలో ఉన్న సూత్రమే ఇది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడుతుంది. మే, జూన్ నెలల్లో అరిజోనా గాలి దీనికి చక్కగా అనువైనది.

ఈ పెట్టెలో ఒక గుణం ఉంది. అప్పట్లో దాన్ని ఎవరూ గుణంగా లెక్కించలేదు. కూలరు లోపలికి తోసేదంతా బయటి గాలే. అది బయటకు పోవడానికి దారి లేకపోతే గదిలో ఉక్కపోస్తుంది. కాబట్టి ఎదుటి వైపు కిటికీ తెరిచి ఉంచాల్సిందే. కూలరు పెట్టిన దుకాణంలో గాలి గంటకు ఎన్నోసార్లు పూర్తిగా మారిపోయేది. మనుషుల ఊపిరి, సిగరెట్ పొగ, కొత్త రంగుల వాసన, ఏదీ నిలిచేది కాదు. దోషాలూ తక్కువేం కాదు. జులైలో వర్షరుతువు రాగానే తేమ పెరిగి కూలరు పని మందగించేది. పీచు కుళ్ళి కంపు కొట్టేది. ఉప్పులున్న నీటి వల్ల పెట్టె తుప్పుపట్టేది. దుమ్మును సన్నగా వడకట్టే శక్తి దానికి లేదు.

శీతలీకరణ యంత్రం వచ్చి ఈ దోషాలన్నిటినీ ఒక్కసారిగా తీర్చింది. విల్లిస్ క్యారియర్ 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం ఉబ్బకుండా తేమను అదుపు చేయడానికి తన మొదటి ఏర్పాటును రూపొందించాడు. అమెరికా నగరాల్లో సినిమా హాళ్ళు, పెద్ద దుకాణాలు దాన్ని ముందుగా అందుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అరిజోనాలో ధర దిగివచ్చి, వేగంగా వ్యాపించింది. దాంతో భవనం రూపమే మారింది. ఎత్తైన కప్పు అక్కర్లేదు, వరండా అక్కర్లేదు, తెరుచుకునే కిటికీ అసలే అక్కర్లేదు. గోడలు పలచనయ్యాయి, కప్పు కిందికి దిగింది, భవనం మీద ప్యాకేజ్ యూనిట్ అనే, ఏసీ అంతా ఒకే రేకు పెట్టెలో ఇమిడిన యంత్రం కూర్చుంది. చల్లబరచడం ఖరీదైన పని కనుక చల్లబడిన గాలిని వదులుకోవడం దండగ. అదే గాలిని మళ్ళీ మళ్ళీ తిప్పి చల్లబరచడం లాభం. బయటి గాలి కోసం ప్యాకేజ్ యూనిట్ పక్కన డాంపర్ అనే చిన్న తలుపు ఉంటుంది. దుమ్ము పట్టి అది బిగుసుకుపోయినా కింద కూర్చున్నవారికి తెలియదు, గది చల్లగానే ఉంటుంది కనుక. తాజా గాలి తగ్గడం ఒంటికి వేడిలా వెంటనే తెలిసే విషయం కాదు. అందుకే అది చాలా కాలం ఎవరి కంటా పడలేదు.

మనిషికి ఎంత బయటి గాలి కావాలన్న లెక్క అప్పటికే పాతది. 1895లో అమెరికా ఇంజినీర్ల సంఘం మనిషికి నిమిషానికి 30 ఘనపుటడుగులు ఉండాలంది. ఆ అంకె తర్వాత దిగుతూ వచ్చింది. 1973 చమురు సంక్షోభం దాన్ని అడుగుకు తోసింది. ఆ సంఘానికి వారసురాలిగా వచ్చిన ఆష్రే సంస్థ 1981 ప్రమాణం పొగతాగని చోట్లకు 5 ఘనపుటడుగులు చాలంది. ఫలితం త్వరలోనే కనబడింది. తలనొప్పి, కళ్ళ మంట, ఎండిన గొంతు, ఆఫీసు వదిలితే తగ్గిపోయే నీరసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మధ్యలో దీన్ని భవనాల జబ్బుగా గుర్తించింది. 1989లో ఆష్రే వెనక్కి తగ్గి, ఆఫీసులకు మనిషికి 20 ఘనపుటడుగులు కావాలని సవరించింది.

చాండ్లర్‌కు ఈ తేదీలు కీలకమైనవి. 1980లో ఆ ఊరి జనాభా 29,673. పదేళ్ళలో 90,000కు చేరింది. అంటే కనిష్ఠ లెక్క అమల్లో ఉన్న ఏళ్ళలోనే ఊరు మూడింతలైంది. ఆఫీసు గదులు, స్ట్రిప్ మాల్ దుకాణాలు, క్లినిక్కులు ఆ ఏళ్ళలోనే గుంపులుగా లేచాయి. పాత పత్తి చేల మీద, పలచని గోడలతో, మూసుకున్న కిటికీలతో.

అదే దశకంలో అదే ఊళ్ళో ఇంకో రకం గాలి తయారవసాగింది. ఇంటెల్ 1980లో చాండ్లర్‌లో చిప్పుల తయారీ మొదలుపెట్టింది. దక్షిణాన ఒకోటిల్లో ప్రాంగణంలో 1996లో ఫ్యాబ్ 12, 2007లో ఫ్యాబ్ 32 పని అందుకున్నాయి. ఫ్యాబ్ అంటే చిప్పుల ఫ్యాక్టరీ.  చిప్పు మీద గీతలు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. దాని మీద ధూళికణం ఒక్కటి వాలినా చిప్పు పాడవుతుంది. దీనికి పరిష్కారం పక్క రాష్ట్రం న్యూ మెక్సికో నుంచి వచ్చింది. అక్కడి సాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ 1960ల ఆరంభంలో క్లీన్‌రూముకు కొత్త పద్ధతి కనిపెట్టాడు. ధూళిని గదిలోకి రానివ్వకుండా ఆపడంతో సరిపెట్టకుండా, పుట్టిన ధూళిని అప్పటికప్పుడే తుడిచేసే ఏర్పాటు అది. కప్పు నిండా హెపా ఫిల్టర్లు, వాటి నుంచి తొణకని ధారలా కిందికి దిగే గాలి, చిల్లుల నేల, అక్కడి నుంచి మళ్ళీ పైకి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 99.97 శాతాన్ని పట్టేస్తుంది. గాలి వేగం సుమారు సెకనుకు అర మీటరు.

ఇలాంటి గదిలో గాలి గంటకు కొన్ని వందలసార్లు ఫిల్టర్ల గుండా పోతుంది. మామూలు ఆఫీసులో అది కొద్దిసార్లే. ఆమ్లాల ఆవిరి, విషవాయువులు ఎప్పటికప్పుడు బయటకు పోవాలి. పోయినంత గాలినీ బయటి నుంచి తెచ్చి, దుమ్ము తీసి, చల్లబరిచి, పొడిగా ఉంటే తేమ కలిపి పంపాలి. ఎడారి గాలికి తేమ కలపడమంటే నీళ్ళ ఖర్చే. ఈ ఫ్యాబుల్లో తెలుగు ఇంజినీర్లు చాలామందే పనిచేస్తారు. తల నుంచి బూట్ల దాకా కప్పే బన్నీ సూట్ తొడుక్కుని లోపలికి వెళతారు. ఆ సూట్ మనిషిని గాలి నుంచి కాపాడేది కాదు, గాలిని మనిషి నుంచి కాపాడేది. చర్మపు పొట్టు, వెంట్రుక, ఊపిరి తుంపర అన్నీ చిప్పుకు ప్రమాదాలే. చిప్పు పాడైతే నష్టం ఎంతో ఆ సాయంత్రానికే తెలుస్తుంది, గుమాస్తాకు తలనొప్పి వస్తే నష్టం ఏ లెక్కల్లోనూ కనబడదు. ఒకే ఊళ్ళో ఫ్యాబుకూ దుకాణానికీ గాలిలో ఇంత తేడా ఉండటానికి అసలు కారణం ఇదే.

ఆఫీసు, హోటల్ గాలి మెరుగు కావడానికి మొదట పెద్ద సాయం చేసినది యంత్రం కాదు, ఓటు. 2006 నవంబరులో అరిజోనా ఓటర్లు బహిరంగ స్థలాల్లోనూ పని చోట్లనూ పొగతాగడాన్ని నిషేధించే చట్టాన్ని ఆమోదించారు. 2007 మే 1 నుంచి అది అమలైంది. అప్పటిదాకా రెస్టారెంట్లలో ధూమపాన విభాగమని ఒక మూల కేటాయించేవారు. గాలి ఆ మూలను గుర్తించేది కాదు. వెంటిలేషన్‌తో పొగాకు పొగను సురక్షిత స్థాయికి తేలేమని, తాగడాన్ని మానిపించడమే దారని ఆష్రే కూడా 2005లో ఒప్పుకుంది.

రెస్టారెంట్ వంటగది మాత్రం ఇంకా పాత సమస్యనే మోస్తోంది. చాండ్లర్‌లోని భారతీయ హోటళ్ళు చాలావరకు స్ట్రిప్ మాళ్ళలోనే ఉన్నాయి. ఎండుమిరపకాయల పోపు ఘాటును పీల్చేయడానికి పొయ్యి మీద పెద్ద హుడ్ ఉంటుంది. అది బయటకు పంపినంత గాలి లోపలికి రాకపోతే గదిలో పీడనం పడిపోతుంది. వీధి తలుపు లాగితే రాదు, పక్క దుకాణపు వాసనలు సందుల్లోంచి లోపలికి వస్తాయి. అందుకే హుడ్‌కు జోడుగా మేకప్ ఎయిర్ యూనిట్ పెడతారు. ఫీనిక్స్ ప్రాంతంలో వంటగదుల కోసం దాన్ని చాలాసార్లు నీటి కూలరుగానే అమరుస్తారు. 1930ల పెట్టె ఈ విధంగా ఇంకా బతికే ఉంది. గోదాములు, మరమ్మతు షెడ్లలో అయితే దాని రాజ్యం ఎప్పుడూ పోనే లేదు.

2004లో ఆష్రే లెక్క కట్టే పద్ధతినే మార్చింది. ఆఫీసుకు మనిషికి 5 ఘనపుటడుగులు, దానికి తోడు ప్రతి చదరపు అడుగు నేలకు 0.06. తివాచీలు, ఫర్నిచరు, రంగులు కూడా గాలిని చెడగొడతాయన్నది ఇందులోని గుర్తింపు. కార్బన్ డై ఆక్సైడ్ కొలిచే సెన్సర్లు చౌకయ్యాక, జనం ఉన్నప్పుడే డాంపర్ ఎక్కువ తెరుచుకునే ఏర్పాట్లు వచ్చాయి. బయట 420 పీపీఎం ప్రాంతంలో ఉండే ఈ వాయువు గదిలో 1,000 దాటితే గాలి చాలడం లేదనడానికి గుర్తు. చాండ్లర్‌లో నవంబరు నుంచి మార్చి దాకా, రాత్రుళ్ళు మరికొంత కాలం, బయటి గాలినే నేరుగా చల్లదనానికి వాడుకోవచ్చు. ఎకనమైజర్ చేసే పని ఇదే. వేసవిలో మాత్రం తెచ్చిన ప్రతి ఘనపుటడుగుకూ కరెంటు బిల్లు ఉంటుంది. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది.

కోవిడ్ ఏళ్ళలో ఈ విషయం ఇంజినీర్ల చేతుల్లోంచి వీధిలోకి వచ్చింది. సన్నని కణాలను కూడా పట్టే మెర్వ్ 13 స్థాయి ఫిల్టర్లు పెట్టమన్న సలహా ప్రతి దుకాణందారుకూ చేరింది. పాత ప్యాకేజ్ యూనిట్ల ఫ్యాన్లు కొన్ని ఆ మందమైన ఫిల్టరు గుండా గాలి లాగలేకపోయాయి. 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ గదిలో గంటకు కనీసం ఐదుసార్లు శుభ్రమైన గాలి మారాలని లక్ష్యం చెప్పింది. ఆ జులైలో ఆష్రే అంటువ్యాధుల అదుపు కోసం 241వ ప్రమాణం ప్రకటించింది. శుభ్రమైన గాలంటే బయటిదే కానక్కర్లేదు, బాగా వడకట్టినదైనా చాలని అది ఒప్పుకుంటుంది. దుమ్మూ వేడీ ఉన్న చాండ్లర్ వంటి చోటికి ఇది ఉపయోగపడే మాట.

అరిజోనాలో భవన నిబంధనలను ఆమోదించేది ప్రధానంగా నగరాలే. కొత్తగా కట్టే భవనానికీ, అనుమతి తీసుకుని పెద్ద మార్పులు చేసే భవనానికీ నేటి లెక్కలు వర్తిస్తాయి. 1980ల్లో కట్టి అలాగే నడుస్తున్న దుకాణానికి వాటిని వెనక్కి వర్తింపజేయరు. అక్కడ ఫిల్టరు మార్చడం, డాంపర్ తెరిపించడం చాలాసార్లు అద్దె ఒప్పందం ప్రకారం అద్దెదారు బాధ్యతే.