వీడెరో గీసిన బొమ్మ

కణాల వేగం పెంచే యంత్రమైన పార్టికల్ యాక్సిలరేటర్ కథను చాలామంది అమెరికాలోని బర్క్‌లీలో, ఎర్నెస్ట్ లారెన్స్‌తో మొదలుపెడతారు. నోబెల్ వచ్చింది ఆయనకే కాబట్టి అలా చెప్పడం అలవాటైపోయింది. కానీ ఈ యంత్రానికి మూలం జర్మనీలోని ఆకెన్ పట్టణంలో ఉంది. అక్కడ 1927లో రోల్ఫ్ వీడెరో అనే నార్వే యువకుడు డాక్టరేట్ కోసం కట్టిన పరికరం పనిచేయక, మరో దారి వెతుక్కుంటున్నాడు.

అప్పటికి అందరి తపనా పరమాణు కేంద్రకంలోకి చొరబడాలనే. రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే ఆల్ఫా కణాలతో భౌతికశాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ 1919లో నైట్రోజన్ కేంద్రకాన్ని మార్చి చూపించాడు. అయితే ఆ కణాలు ప్రకృతి ఇచ్చినన్నే, ఇచ్చిన వేగంతోనే. అంతకు మించి కావాలంటే లక్షల వోల్టులు పెట్టాలి, పెడితే నిప్పురవ్వలు లేచి పరికరమే పాడైపోయేది.

ఒకేసారి అంత పెద్ద తోపు ఎందుకు, చిన్న తోపునే మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చు కదా? స్వీడన్‌కు చెందిన గుస్తావ్ ఈసింగ్ 1924లో కాగితం మీద పెట్టిన ఈ ఆలోచనను వీడెరో చేసి చూపించాడు. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒక లోహపు గొట్టం అమర్చాడు. పొటాషియం అయాన్లు దాని ముందున్న ఖాళీలో 25 వేల వోల్టుల తోపు అందుకుని లోపలికి దూరతాయి. లోహం చుట్టూ ఉన్నందున లోపల వాటికి విద్యుత్ ప్రభావం సోకదు. అవి అందులో సాగుతుండగానే బయట కరెంటు దిశ మారిపోతుంది. అవతలి కొసన బయటపడగానే అదే వోల్టేజీ వాటిని మళ్లీ ముందుకే తోస్తుంది. 25 వేల వోల్టులతో 50 వేల వోల్టుల ఫలితం వచ్చింది. ఇప్పటికీ పెద్ద యాక్సిలరేటర్లన్నీ నడిచేది ఈ కిటుకు మీదే.

ఆ వ్యాసం 1928లో అచ్చయింది. మరుసటి ఏడాది బర్క్‌లీ లైబ్రరీలో లారెన్స్ కంట పడింది. ఆయనకు జర్మన్ అంతంతమాత్రం, బొమ్మలు చూసే విషయం గ్రహించాడు. గొట్టాలను వరసగా పేర్చే బదులు అయస్కాంతంతో కణాలను గుండ్రంగా తిప్పి, ఒకే ఖాళీ గుండా మళ్లీ మళ్లీ పంపవచ్చని ఆయనకు తట్టింది. కణం వేగం పెరిగేకొద్దీ వృత్తం పెద్దదవుతుంది, కానీ ఒక చుట్టుకు పట్టే కాలం మారదు. 1931 జనవరిలో లారెన్స్ శిష్యుడు స్టాన్లీ లివింగ్‌స్టన్ నాలుగున్నర అంగుళాల ఇత్తడి పెట్టెలో, రెండు వేల లోపు వోల్టులతో, హైడ్రోజన్ అయాన్లకు 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వచ్చేలా చేశాడు. సైక్లోట్రాన్ పుట్టింది.

లారెన్స్ ఆ బొమ్మలు చూసిన 1929లోనే, అదే కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద పనిచేస్తున్న ఖగోళశాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్, గెలాక్సీలు ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మనకు దూరమవుతున్నాయని లెక్క చూపించాడు. విశ్వం ఒకప్పుడు ఇరుకుగా, వేడిగా ఉండేదన్న ఆలోచనకు బలం చిక్కింది అక్కడే. ఇత్తడి పెట్టెకూ ఆకాశానికీ చుట్టరికం కలవడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

దానికి కావలసిన రెండో మెట్టూ వీడెరోదే. కదలని లక్ష్యాన్ని కణంతో కొడితే శక్తిలో ఎక్కువ భాగం శకలాలు ముందుకు దూసుకుపోవడానికే ఖర్చవుతుంది. రెండు కార్లు ఎదురెదురుగా గుద్దుకున్నట్టు రెండు కణాలను ఢీకొట్టిస్తే ఏదీ వృథా కాదని ఆయనకు 1943లో తోచింది. పేటెంటు కూడా రాయించాడు. అప్పట్లో హాంబర్గ్‌లో ఆయనతో పనిచేస్తున్న బ్రూనో టౌషెక్ ఇందులో కొత్తేముందని పెదవి విరిచాడు. టౌషెక్ తల్లి యూదురాలు. 1945లో నాజీల రహస్య పోలీసు గెస్టపో అతన్ని పట్టుకుపోయింది. వీడెరో జైలుకు వెళ్లి పలకరిస్తే ఇద్దరూ ఎలక్ట్రాన్ల గురించే మాట్లాడుకున్నారు. ఖైదీలను నడిపించుకుపోతుండగా కూలిపోయిన టౌషెక్‌ను ఒక కాపలాదారు కాల్చి, చచ్చాడనుకుని వదిలేశాడు. అతను బతికాడు. పదిహేనేళ్ల తర్వాత ఇటలీలోని ఫ్రస్కాటిలో, ఎలక్ట్రాన్లూ, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లూ ఎదురెదురుగా తిరిగే మొట్టమొదటి వలయాన్ని ప్రతిపాదించి కట్టించింది అతనే. ఈ చరిత్రలో అంతకంటే కదిలించే మనిషి నాకు కనబడడు.

ఇక ఈ గుద్దులాటకూ ఆకాశానికీ చుట్టరికం ఎక్కడంటే, వేడి అంటే కణాల కదలికే. తొలి క్షణాల్లో విశ్వమంతటా కణాలు ఏ శక్తితో గుద్దుకున్నాయో అదే శక్తిని ఒక్క బిందువు దగ్గర రప్పిస్తే, ఆనాటి సంగతులు ఇక్కడ కొలతకు అందుతాయి. దీనికి నేను మొదట చెప్పే సాక్ష్యం న్యూట్రినోలనే అతి తేలికైన కణాల లెక్క. విశ్వంలోని మామూలు పదార్థంలో బరువు ప్రకారం దాదాపు నాలుగో వంతు హీలియం. అందులో అధికభాగం మొదటి కొద్ది నిమిషాల్లోనే తయారైంది. న్యూట్రినో రకాలు ఎక్కువుంటే విశ్వం మరింత త్వరగా విస్తరించి, న్యూట్రాన్లు ఎక్కువ మిగిలి, హీలియం పెరిగేది. ఈ తర్కంతో స్టీగ్‌మన్, ష్రామ్, గన్ అనే శాస్త్రవేత్తలు 1977లో న్యూట్రినో రకాల సంఖ్యకు హద్దు కట్టారు. 1989లో జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో, 27 కిలోమీటర్ల సొరంగంలోని లెప్ అనే యాక్సిలరేటర్ జడ్ అనే క్షణభంగుర కణాలను పుట్టించి, అవి ఎంత త్వరగా విచ్ఛిన్నమవుతాయో కొలిచింది. న్యూట్రినో రకాలు ఎక్కువైతే జడ్ విడిపోయే దారులు ఎక్కువ, ఆయువు తక్కువ. తేలిన సంఖ్య మూడు. నక్షత్రాల మధ్య హీలియం చెప్పిన మాటా, భూగర్భంలోని యంత్రం చెప్పిన మాటా ఒక్కటయ్యాయి.

ఇప్పుడు ఆ సొరంగంలోనే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ ఉంది. ప్రోటాన్లను వంచే 1,232 పెద్ద అయస్కాంతాలు, ఒక్కొక్కటీ 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. వాటిని వెంట్రుకవాసి తేడా రాకుండా నిలబెట్టే జాకీలు భారతదేశం నుంచి వెళ్లాయి. ప్రోటాన్లు సెకనుకు 11 వేలకు పైగా చుట్లు తిరుగుతాయి. ఇంత పొడవులోనూ వాటికి తోపు అందేది ఒక్కచోటే, మిగతా దూరమంతా వంచి మళ్లీ అక్కడికి తేవడానికే. ఎదురెదురుగా ఢీకొట్టినప్పుడు దక్కే శక్తి 13,600 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. అవే ప్రోటాన్లతో కదలని లక్ష్యాన్ని కొడితే 113 దగ్గరే ఆగిపోయేది. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందని ప్రకటించింది ఇక్కడే. సీసం కేంద్రకాలను ఢీకొట్టించి, విశ్వం పుట్టాక కొద్ది మైక్రోసెకన్ల వరకు ఉన్న, ప్రోటాన్లను నిర్మించే క్వార్కుల ద్రవ్యాన్ని సృష్టిస్తున్నదీ ఇక్కడే. అది వాయువులా చెదిరిపోతుందనుకుంటే, దాదాపు జిగటే లేని ద్రవంలా పారింది.

తేలనిదల్లా ప్రతికణాలతో ఏర్పడే ప్రతిపదార్థం సంగతి. మహావిస్ఫోటంలో పదార్థమూ ప్రతిపదార్థమూ సమానంగా పుట్టి ఉంటే, రెండూ ఒకదాన్నొకటి హరించుకుని ఏమీ మిగలకూడదు. మనం మిగిలాం. రెంటి ప్రవర్తనలో ప్రయోగాలకు దొరికిన తేడా ఇంత విశ్వం మిగలడానికి చాలదు. దాదాపు 91 కిలోమీటర్ల చుట్టుకొలతతో సెర్న్ ప్రతిపాదిస్తున్న తదుపరి వలయం ముందున్న ప్రశ్నల్లో ఇదొకటి.