గొట్టానికీ మందుకూ పడక పుట్టిన తుపాకీ

మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన త్రీ నాట్ త్రీ రైఫిల్ ఒక్కరి బుర్రలో పుట్టింది కాదు. ఒకరు పెట్టె చేశారు, ఒకరు గొట్టం చేశారు, ఇంకొకరు మందు చేశారు. ఈ మూడింటికీ పొత్తు కుదరడానికి కొన్నేళ్లు పట్టింది.

పెట్టె జేమ్స్ పారిస్ లీది. 1831లో స్కాట్లండ్‌లోని హావిక్‌లో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరి, గడియారాల పని నేర్చి, తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. అప్పట్లో వరసగా కాల్చే తుపాకుల్లో చాలావాటికి గొట్టం కింద మరో గొట్టం ఉండేది. అందులో తూటాలు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి నిలిచేవి. వెనకదాని మొన ముందుదాని అడుగున మందును అంటించే ప్రైమర్‌ను పొడిచిందంటే ఇక అంతే! లీ 1879లో పేటెంట్ తీసుకున్న రేకు పెట్టె బోల్టు కింద అమరుతుంది. తూటాలు ఒకదానిమీద ఒకటి పడుకుంటే, అడుగునున్న స్ప్రింగు వాటిని పైకి తోస్తుంది. ఇంత సులువైన ఉపాయం అంతకుముందు నిలదొక్కుకోకపోవడమే వింత.

గొట్టం విలియం ఎలిస్ మెట్‌ఫర్డ్‌ది. ఈయన ఇంజనీరు, మన దేశానికి రైల్వే ఉద్యోగం మీద వచ్చి, 1857 అల్లర్ల నడుమ ఆరోగ్యం చెడి తిరిగి వెళ్లినవాడు. పాతకాలపు తుపాకిమందు కాలితే సగానికి పైగా మసిగానే మిగులుతుంది, అది గొట్టం లోపలి గాడుల్లో గడ్డకడుతుంది. అందుకని ఆయన లోతులేని, అంచులు గుండ్రంగా ఉన్న ఏడు గాడులు తీశాడు. మసి పట్టుకునే మూలే లేదు, తుడిస్తే పోతుంది. ఈ గొట్టమూ లీ పెట్టే కలిపి 1888లో బ్రిటిష్ సైన్యం లీ-మెట్‌ఫర్డ్‌ను తీసుకుంది.

తీసుకునేనాటికే దాని కాలం చెల్లిపోయింది. ఫ్రాన్సులో పాల్ వియేల్ 1884లోనే పొగరాని మందు చేశాడు. 1886లో లెబెల్ రైఫిల్ ఆ మందుతోనే వచ్చింది. బ్రిటన్ కంగారుపడి ఫ్రెడరిక్ ఏబెల్, జేమ్స్ డ్యూయర్‌లకు పని అప్పగిస్తే 1889లో కార్డైట్ తయారైంది: నైట్రోగ్లిసరిన్ 58 శాతం, గన్‌కాటన్ 37, వాసెలిన్ 5. తన బాలిస్టైట్‌నే కాస్త మార్చి కాజేశారని ఆల్ఫ్రెడ్ నోబెల్ కోర్టుకెక్కాడు. ఆయన పేటెంట్‌లో నైట్రోసెల్యులోజ్ ‘కరిగే రకం’ అని రాసి ఉంది, వీళ్లు వాడింది కరగని రకం. ఆ ఒక్క మాట మీద 1895లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోనూ ఓడిపోయాడు. నా మటుకు నాకు న్యాయం గెలిచిందనిపించదు, వకీలు గెలిచాడనిపిస్తుంది.

కార్డైట్ మసి మిగల్చదు, కానీ దాని వేడి భయంకరం. మసిని ఓడించడానికి మెట్‌ఫర్డ్ తీసిన ఆ లోతులేని గాడులు ఈ మంటకు త్వరగా అరిగిపోయాయి. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం వాటి బదులు లోతైన, నలుచదరపు అంచుల గాడులు అయిదు తీసింది. 1895లో పేరులో మెట్‌ఫర్డ్ పోయి లీ-ఎన్‌ఫీల్డ్ అయింది.

ఇవాళ అమెరికాలో, కెనడాలో, బ్రిటన్‌లో ఈ తుపాకులను సేకరించి బాగుచేసి కాల్చేవాళ్లకు ఆ పాత నిర్ణయాలన్నీ చేతికి తగులుతాయి. కార్డైట్ సన్నని తీగల కట్ట. ఇత్తడి డొప్పలో దాన్ని పెట్టాకే ఫ్యాక్టరీలో డొప్ప మెడ నొక్కేవారు. ఇంట్లో తూటాలు నింపుకునేవాడికి ఆ క్రమం కుదరదు, గింజల మందే వాడాలి. యుద్ధకాలపు బురద, మట్టి తట్టుకోవడానికి మందుగది కాస్త వదులుగా చేశారు. బోల్టు కూడా వెనకవైపే బిగుసుకుంటుంది. కాబట్టి కాల్చిన ప్రతిసారీ డొప్ప సాగి, అడుగుకు కాస్త పైన పలచబడి, చివరికి అక్కడే తెగుతుంది. అనుభవజ్ఞులు డొప్ప మొత్తాన్ని అచ్చులో నొక్కరు, మెడ ఒక్కటే సరిచేసి మళ్లీ అదే తుపాకీలో వాడతారు.

ప్రైమర్ల కథ మరీ తమాషా. వాటి రెండు రకాల రూపకర్తల్లో బాక్సర్ ఆంగ్లేయుడు, బెర్డన్ అమెరికన్. నడిమి రంధ్రం ఒక్కటే ఉండి, పాత ప్రైమర్‌ను సూదితో పొడిచి తీయగలిగే బాక్సర్ రకం అమెరికాలో స్థిరపడింది. రెండు చిన్న రంధ్రాల బెర్డన్ రకం యూరప్‌లో పాతుకుపోయింది, బ్రిటిష్ సైన్యపు త్రీ నాట్ త్రీ డొప్పల్లోనూ అదే ఎక్కువ. అందులో సూది దూరే దారే లేదు. ఇంగ్లీషు తూటాను ఇంగ్లీషువాడి ప్రైమర్‌తో నింపుకోవాలంటే అమెరికా డొప్ప కొనాలి!

పాత ప్రైమర్లలోని పొటాషియం క్లోరేట్ మండి గొట్టంలో ఉప్పు వదులుతుంది. అది గాలిలోని తేమను లాగి తుప్పు పట్టిస్తుంది. నూనె ఉప్పును కరిగించలేదు. సైనికులు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు, నేటి సేకర్తలూ ముందు చేసేది అదే, నూనె ఆ తర్వాత. చెక్కకు మెరిసే వార్నిష్ పూసేవాళ్లూ ఉన్నారు. అది బాగుచేయడం కాదు, పాడుచేయడం. సైన్యం వాడింది అవిసె నూనె, పలచగా, మళ్లీ మళ్లీ.

మన దేశంలో త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు కాబట్టి మామూలు లైసెన్సుతో ఈ సరదా సాగదు. కానీ కథలో ఆఖరి మలుపు మనదే. 1962 యుద్ధం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఇదే నమూనాను మరింత గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు సరిపడేలా మార్చి 2ఏ, 2ఏ1 రైఫిళ్లుగా చేసింది. పాత త్రీ నాట్ త్రీలకే గొట్టం మార్చారని విదేశాల్లో ఇప్పటికీ కొందరు పొరబడతారు, కానీ అవి కొత్తగా చేసినవే. ఆ తూటాకు త్రీ నాట్ త్రీకిలా అడుగున పొడుచుకొచ్చే అంచు లేదు, కాబట్టి పెట్టెలో ఒకదానంచు మరొకదానికి తట్టుకుని ఇరుక్కునే పాత బెడదా లేదు.