కవాటమునకు తగిన చోటు

టర్బో కారులో గాలిని విడుచు కవాటము నెచ్చట అమర్చవలెనను ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పునని మేము భావింతుము. ఎగ్జాస్టు వాయువులతో చక్రమును త్రిప్పి ఇంజనులోనికి గాలిని దట్టించు విధానమునకు స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. 1962లో వెలువడిన షెవ్రొలే కోర్వేర్ టర్బో కారులో కార్బ్యురేటరును, అందలి థ్రాటిల్ రేకును కంప్రెసరుకు ముందే యుండెను. రేకు మూసినచో కంప్రెసరుకే గాలి తగ్గును. కావున కవాటముతో పని లేకపోయెను.

1974 నాటి పోర్షే 911 టర్బోలో ఇంధనమును చిమ్ము ఏర్పాటు వచ్చి, థ్రాటిల్ కంప్రెసరు తరువాత నిలిచెను. అట్టి అమరికలో రేకు మూతపడగానే, ఇంకను తిరుగుచున్న కంప్రెసరు నెట్టిన గాలి దారిలేక ఎదురుతన్ని చక్రమును అదరగొట్టును. అందుచే ఆ రెంటి నడిమి గొట్టమే కవాటమునకు తగిన చోటు. గాలిని ముందుగా కొలిచి ఇంధనమునిచ్చు కారులలో విడిచిన గాలిని బయటికి పోనీయక, కొలతసాధనమునకును కంప్రెసరుకును నడుమ మరల చేర్చవలెను. లేనిచో ఇంధనము హెచ్చగును. కవాటము చక్రపు రక్షణకే గాని హోరుకొరకు కాదు.